రోము దొరసాని ముఖం, అవ్వ సున్నపు డబ్బీ

మా అక్క కూతురి కాలేజీ చదువు గాడిదపాల లెక్కతో మొదలైంది.

అరవైల తొలి రోజుల సంగతి. నాకు అప్పటికి నలభై దాటాయి. తమిళనాట మా తెలుగువాళ్ళు స్థిరపడ్డ రాజపాళయంలో ఒక నూలు మిల్లులో పని. ఏ పత్తిని ఏ పత్తితో ఎన్ని పాళ్ళు కలిపితే నూలు తెగకుండా వస్తుందో చూడటమే నా ఉద్యోగం. బడిలో ఐదో తరగతి దాటలేదు గాని, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. పెళ్ళికి బియ్యం ఎంత పడుతుంది, గోడకు ఇటుకలు ఎన్ని కావాలి అని వీధివాళ్ళు వచ్చి అడిగేవారు. నేను చెప్పకపోయినా అన్నం ఉడికేది, గోడ లేచేది. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా అడిగితే చెప్పకుండా ఉండలేను.

ఒక సాయంత్రం అక్క ఇంటికి వెళితే, మేనకోడలు అరుగు మీదే నన్ను ఆపింది.

"మామా, ఒక గాడిద పూటకు ఎంత పాలు ఇస్తుంది?"

"ఏంటికి? ఎవురి బిడ్డకైనా దగ్గా?"

"దగ్గుకు కాదు మామా. స్నానానికి."

నేను చెప్పులు విప్పడం మరిచిపోయి కూర్చున్నాను. ఆ పిల్ల ఆ ఏడు ఎస్.ఎస్.ఎల్.సి. చదువుతోంది. స్కూలు వార్షికోత్సవంలో, మా ఊళ్ళో అందరూ ఆండువిళా అంటారు, బాగా చదివే పిల్లలు తలా ఒక విషయం మీద వేషం వేసుకుని ప్రసంగించాలి. చరిత్ర టీచరమ్మ ఈ పిల్లకు ఇచ్చిన విషయం, పూర్వకాలపు గ్రీకు, రోము స్త్రీల ముఖాలంకారం. రోములో ఒక చక్రవర్తి భార్య గాడిదపాలతో స్నానం చేసేదట. చర్మం మెత్తగా ఉంటుందని నమ్మకం. ప్రయాణం పోతే వెనకాలే గాడిదల మంద కూడా కదిలేదట.

మరుసటి రోజు చాకలి పేటకు వెళ్ళి గాడిదలున్న ఒకాయన్ని అడిగాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, గాడిదపిల్ల తాగగా మిగిలేది అర పడి, అంటే చిన్న చెంబెడు కూడా ఉండదన్నాడు. మా అక్క ఇంట్లో నీళ్ళు కాగబెట్టే రాగి అండాను కొలతగా పెట్టుకుని లెక్క కట్టాను. రాజపాళయం, చోళపురం, తళవాయిపురం, మూడు ఊళ్ళ గాడిదలనూ తోలుకొచ్చినా రాణిగారికి మోకాళ్ళు తడవవు. ఈ మాట చెప్పగానే మేనకోడలు ఎగిరి గంతేసింది. "ఇది కూడా చెప్తాను మామా. అప్పుడు మనూరివాళ్ళకు బాగా అర్థమవుతుంది."

ఆ పిల్లకు ఆ ప్రసంగం మీద అంత పట్టుదల ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. పరీక్ష అయ్యాక మదురై పోయి పి.యు.సి. చదవాలని దాని ఆశ. మార్కులకు లోటు లేదు. లోటల్లా మా బావ ఒప్పుకోవడంలోనే. ఆయనకు కొండవైపు మామిడితోట, ఊరవతల పత్తిచేను ఉన్నాయి. మంచివాడే. కానీ బజార్లో తల వంచుకోవాల్సి వస్తుందేమోనన్న భయం ఆయనకు పులి భయం కంటే ఎక్కువ.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం బయటపడింది.

"గ్రీసు, రోము అంటే రాజులు, యుద్ధాలు అనుకుంటిని," అన్నాడు బావ. "పౌడరు పూసుకునేది చెప్పేదానికి స్కూలు ఏంటికి? ఇక్కడే ఇట్లుంటే మదురైలో ఇంకేం నేర్పుతారో!"

"రాజుల సంగతి వేరే పిల్ల తీసుకునింది నాన్నా."

"అక్కడ ఉండింది ఒకే రాజా?"

"యుద్ధాలు కూడా అయిపోయినాయి నాన్నా."

బావ మజ్జిగ పోసుకున్నాడు. "సరి. ఒకటి చెప్తాను విను. ఆండువిళా మరుసటి నాడు పొద్దున నేను కాఫీ కడైకి పోతాను. అక్కడ ఎవురైనా నిన్ను గురించి నా మొకం చూసి నవ్వినారంటే, మదురై మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు. నవ్వలేదంటే నేనే బస్సు ఎక్కిస్తాను."

బావ తల్లి గడప దగ్గర తాంబూలం నములుతూ వింటోంది. ఆమెను వీధి వీధంతా అవ్వ అనే పిలిచేది, నేను కూడా. మనవరాలు మదురై పోవడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు.

"నవ్వకుండా ఎట్లుంటారు?" అంది అవ్వ. "మొకానికి సున్నం కొట్టుకుని నిలబడితే గోడ కూడా నవ్వుతుంది."

మేనకోడలు నా వైపు చూసింది. నేను సాంబారు వైపు చూశాను.

మొదటి చిక్కు తెలుపు. గ్రీకు స్త్రీలు సీసపు ముక్కలను పులిసిన ద్రాక్షరసం ఉన్న కుండలో పెట్టి మూత వేసేవారట. కొన్నాళ్ళకు సీసం మీద తెల్లటి బూజులాంటిది కట్టేది. దాన్ని గీకి, నూరి, ముఖానికి పూసుకునేవారు. అది విషమని టీచరమ్మ ముందే చెప్పి, చాక్ పొడితో సరిపెట్టుకోమంది. చాక్ పొడి ఊరికే నిలవదు కదా. అన్నం గంజి కలపమన్నది మా అక్క. ఎంత కలపాలన్నది నా వంతు.

మొదటిసారి గంజి ఎక్కువైంది. ఆరేసరికి ముఖం అప్పడంలా బిగిసి పిల్ల నోరు తెరవలేకపోయింది. పంటి సందుల్లోంచి ఏదో అంది. తిట్టిందని నా అనుమానం. రెండోసారి గంజి తగ్గించాను. "రోమాపురి" అన్నప్పుడల్లా గడ్డం దగ్గర ఒక పెళ్ళ రాలింది. ఆ ప్రసంగంలో రోమాపురి లేని వాక్యం లేదు. చివరికి మూడు పాళ్ళ చాకు, ఒక పాలు గంజి, కింద పలచగా కొబ్బరినూనె పొర అని తేలింది. పరీక్షలన్నీ నా ముంజేతి మీద జరిగాయి. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "చేతికి తెల్లమచ్చ వచ్చినట్టుండాది, వైద్యుడి దగ్గరికి పోరాదా?" అంది. రోము సంగతి చెప్పాను. "అయితే వైద్యుడు చాలడు," అంది.

కనుబొమ్మలకు కష్టం లేదు. గ్రీకు స్త్రీలలో రెండు కనుబొమ్మలు కలిసి ఉంటేనే అందమట. కలవనివాళ్ళు మసితో గీసి కలుపుకునేవారు. మన ఇంట్లో కాటుకకు కొదవా? గీసి చూపిస్తే అవ్వ నోరు నొక్కుకుంది. "ఇట్ల కలిసుంటే ఏ అత్తైనా గుమ్మంలోనే భయపడి పారిపోతుంది." ఇక ఎరుపు. చెంపలకు పెట్టుకునే ఎరుపును వాళ్ళు కంబళిపండ్ల రసంతో, ఏవో వేళ్ళతో చేసేవారట. అవి మాకు దొరకలేదు. ఎరుపు సంగతి నోటితో చెప్పి వదిలేద్దామనుకున్నాం.

బట్టకు మాత్రం కొరత రాలేదు. మా చుట్టుపక్కల మగ్గాల మీద గాయాలకు కట్టే ఆస్పత్రి గుడ్డ నేస్తారు. ఒక నేతగాడు తెలిసినవాడే, ఒక చుట్ట ఇచ్చాడు. భుజం మీద నుంచి జారేట్టు మడతలు పెట్టి చుడితే రోము దొరసాని కట్టులాగే వచ్చింది. బావ చూసి, "ఎవురికి ఆక్సిడెంటు?" అని అడిగి లోపలికి పోయాడు.

ఆండువిళా రోజు మధ్యాహ్నం నుంచే ఇల్లు హడావిడి. అన్నిటికంటే ముందు అవ్వ పసుపు కొమ్ము నూరుకుని కూర్చుంది. మా ఇళ్ళల్లో ఆడపిల్ల మంచి పని మీద గడప దాటాలంటే ముఖానికి పసుపు రాయాల్సిందే.

"అవ్వా, ఈరోజు వద్దు. పైన తెలుపు పూయల్ల."

"పైన నీ రోము ఏమైనా పూసుకో. కింద నా పసుపు ఉండల్ల."

కడుక్కుంటే పోతుంది కదా అని పిల్ల ఒప్పుకుంది. కడుక్కుంది కూడా. పసుపు ఎంత కడిగినా కొంత ఉండనే ఉంటుంది. దాని మీద నూనె, నూనె మీద చాకు. పసుపు ఛాయ కనబడకుండా తెలుపు బాగానే కప్పింది.

స్కూలు ఆవరణలో పందిరి, చెక్క స్టేజీ, నాలుగు పెద్ద బల్బులు. మాశి నెల, అప్పుడప్పుడే ఎండలు ముదురుతున్నాయి, ఉక్కపోత. తెర వెనక మా పిల్ల తన వంతు కోసం కాచుకుని ఉంది. పక్క పిల్ల గడ్డం ఊడిన రాజు వేషంలో ఉంటే చూసి నవ్వింది. ఆ నవ్వుకు రెండు చెంపల మీదా, నుదుటి మీదా చాకు పగిలింది. మిగిలిన పూత తేవడానికి నేను సైకిల్ దగ్గరికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి పగుళ్ళు లేవు. ముఖం మునుపటికంటే తెల్లగా మెరుస్తోంది. అవ్వ తన నడుము సంచీ ముడి బిగించుకుంటోంది.

"నీ పూత అక్కర్లేదు పో," అంది. "తెలుపే కదా కావాల్సింది? నేను పెట్టేసినాను."

ఏం పెట్టిందని అడిగే లోపల పేరు పిలిచారు. నేను వెళ్ళి మగవాళ్ళ వైపు బావ పక్కన కూర్చున్నాను.

తెర లేచింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు: "ఏమే, మనూరి వేటకుక్క మాదిరి ఎంత తెల్లగా ఉండాదో!"

"ముక్కు ఎర్రగా ఉంటే అచ్చు అదే," అంది ఇంకొకతె.

బావ నా మోచేతిని పట్టుకున్నాడు. "నవ్వినారా?"

"కుక్కను చూసి నవ్వింది బావా. అది లెక్కలోకి రాదు."

ప్రసంగం తమిళంలో. పిల్ల బెదరలేదు. ఒక చేతిలో తళతళ తోమిన తగరపు పళ్ళెం. ఆ కాలంలో గాజు అద్దం బదులు తోమిన లోహమే వాడేవారు కదా, అందుకు. సీసపు కుండ చెప్పింది, కలిసిన కనుబొమ్మలు చెప్పింది, మూడు ఊళ్ళ గాడిదల లెక్క చెప్పింది. చాకలి పేట జనం కూర్చున్న మూల నుంచి ఈలలు వచ్చాయి. తర్వాత ఒక గ్రీకు భర్త సంగతి. భార్య ముఖానికి తెలుపు పూసుకుంటే, అదంతా ఏంటికి, లేచి తిరుగుతూ ఇంటిపని చూసుకుని, పిండి పిసికితే రంగు దానంతటదే వస్తుందని బోధించాడట.

"వాడు పిసికినాడా?" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో అరిచారు. పందిరంతా గొల్లుమంది.

బావ మళ్ళీ నా వైపు తిరిగాడు.

"గ్రీకువాణ్ణి," అన్నాను. ఆయన తలాడించాడు.

"రోములో ఎండ ఎక్కువైతే," అంటోంది పిల్ల, "చెమట పట్టి ఆడవాళ్ళ ముఖాల మీది రంగులు కరిగి కారిపోయేవి. వాళ్ళ కవులే దాన్ని ఎగతాళి చేసినారు."

సరిగ్గా అప్పుడు దాని నుదుటి మీద ఎర్రటి చుక్క ఒకటి లేచింది. కాసేపటికి చుక్క రూపాయంత అయింది. తర్వాత ఎడమ చెంప. ఆ తర్వాత కుడి చెంప. చివరికి ముక్కు కొస.

నాకు విషయం అర్థమయ్యే లోపలే ఆడవాళ్ళందరికీ అర్థమైపోయింది. పసుపులో సున్నం కలిపితే ఎరుపు. పెళ్ళికి, పేరంటానికి, కొత్త కోడలికి తిప్పి గుమ్మంలో పారబోసే ఆరతి నీళ్ళు అవే కదా. అడుగున అవ్వ పసుపు, నడుమ నా నూనె, చాకు, పైన అవ్వ తాంబూలపు సున్నం. బల్బుల వేడికి నూనె కరిగి, చెమట దారి చేసి, పైదాన్నీ కిందిదాన్నీ కలిపేసింది. ఆ నీళ్ళు ఊళ్ళో అందరికంటే ఎక్కువసార్లు కలిపిన చెయ్యి అవ్వది. అవ్వకే తోచలేదు.

"ఆరతే! ఆరతి పడింది!"

"ఒక కర్పూరం వెలిగించండమ్మా!"

ముందు వరసలో ఒకామె నిజంగానే చేతులు తిప్పి దిష్టి తీసి కణతల మీద మెటికలు విరిచింది. నవ్వులు మొదలయ్యాయి. స్టేజీ మీద పిల్లకు ఏం జరిగిందో తెలియదు. మాట ఆపి, చేతిలోని తగరపు పళ్ళెం ఎత్తి చూసుకుంది.

నేను చూస్తూనే ఉన్నాను. దాని పెదవి ఒక్కసారి వణికింది. బావ తుండుగుడ్డ ముఖం మీదికి లాక్కున్నాడు. ఇక మదురై లేదని నేననుకున్నాను.

పిల్ల పళ్ళెం దించింది. ముందు వరసలో నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న అవ్వను చూసింది.

"రోము దొరసానికి తెలుపుకు ఒక డబ్బీ, ఎరుపుకు ఇంకొక డబ్బీ కావాల్సి వచ్చింది," అంది నిదానంగా. "దేశాలు తిరిగి తెప్పించుకునేది. మా అవ్వకు అంత సామాను అక్కర్లేదు. నడుము సంచీలో ఒక్క డబ్బీ. అది తెలుపు పెడుతుంది, తర్వాత దానంతటదే ఎరుపు వస్తుంది. ఇది రోములో ఎవరికీ తెలియదు."

ఇంత నవ్వు ఆ పందిరి అంతకు ముందు వినలేదు. టీచరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పిల్ల మిగిలిన రెండు మాటలు కూడా చెప్పి, దండం పెట్టి, ఎర్రటి ముఖంతో నిటారుగా నడిచి లోపలికి వెళ్ళింది.

పొద్దున్నే మేనకోడలు మా ఇంటికి వచ్చింది. ముఖం ఇంకా కొంచెం గులాబీ రంగులోనే ఉంది. "మామా, నాన్న వెంట కాఫీ కడైకి నువ్వు కూడా పో. ఎవురు నవ్వినా, ఎవురిని చూసి నవ్వినారో సరిగా చూడు."

వెళ్ళాను. బావ బెంచీ మీద సర్దుకుని కూర్చునే లోపలే బట్టలకొట్టు ఆయన పకపకా నవ్వాడు.

"ఏమన్నా, ఇంట్లోనే రోము పెట్టుకుని మాకు ఒక మాట చెప్పకపోతివే!"

మంసాపురంలో చేను ఉన్న ఒక రైతు పక్కకు జరిగి కూర్చున్నాడు.

"నాకు పొద్దున దోస లేదు. పిండి ఆడ ఉండాది, నువ్వే పోసుకో, రంగు వస్తుంది అనింది మా ఆమె. అంతా నీ బిడ్డ చేసిన పని!" అని అతడూ నవ్వాడు. కాఫీ తెచ్చినవాడు, "ఆ అవ్వ డబ్బీ వెలకు దొరుకుతుందా?" అని నవ్వాడు. కాఫీ కొట్టు మొత్తం నవ్వింది. ఎవరూ చెడ్డగా నవ్వలేదు, కానీ బావ పెట్టిన షరతులో మంచి నవ్వు, చెడ్డ నవ్వు అని తేడా లేదు.

ఇంటికి వచ్చి బావ అరుగు మీద కూర్చున్నాడు. పిల్ల తలుపు పట్టుకుని నిలబడింది.

"నవ్వినారు," అన్నాడు. "నేను అన్న మాట అన్నదే."

"అన్న మాట ఏమి బావా?" అన్నాను. "పిల్లను గురించి నీ మొకం చూసి నవ్వితే అన్నావు. దోస నవ్వు గ్రీకువాడిది. అది తీసేయి. రోము నవ్వు, డబ్బీ నవ్వు, ఈ రెండూ ఎరుపును గురించి. ఎరుపు దేంట్లో నుంచి వచ్చింది? నా చాకులో ఎరుపు లేదు, గంజిలో లేదు, నూనెలో లేదు. పిల్ల మాటల్లోనూ లేదు. పసుపులో సగం, సున్నంలో సగం. ఆ రెండూ ఎవురివి?"

గడప దగ్గర ఆకుకు సున్నం రాస్తున్న చెయ్యి ఆగింది.

"నావే," అంది అవ్వ. "ఏం, అందరూ నా పక్క చూస్తారు? పసుపు నాది, సున్నం నాది, ఆ నవ్వు కూడా నాదే. నా నవ్వుకు దాన్నేంటికి ఇంట్లో పెడతావు?"

"నువ్వే కదమ్మా మదురై వద్దు అన్నది?"

"వద్దే అన్నాను. ఇప్పుడు కూడా నాకు ఇష్టం లేదు." అవ్వ ఆకు మడిచింది గాని నోట్లో పెట్టుకోలేదు. "అంతమంది ముందర నా మొకం అట్ల అయ్యుంటే ఏడ్చి తెర వెనక దూరుకుని ఉంటాను. నువ్వైతే తుండు కప్పుకుంటివి, నేను చూసినాను. అది ఏడ్చిందా? నన్ను అందరి ముందర రోముకంటే గొప్పదాన్ని చేసి పెట్టింది. దాన్ని ఇంట్లో కూర్చోబెట్టి మనం ఏం నేర్పేది?"

బావ అరుగు దిగి చెప్పులు వేసుకున్నాడు. చివరికి, "పెట్టె ఒకటి చూడండి. పాతది తుప్పు పట్టింది," అన్నాడు. లోపల అక్క ఏదో పాత్ర కింద పడేసుకుంది.

పరీక్ష అయింది, మార్కులు వచ్చాయి. ఆని నెలలో, కాలేజీలు తెరిచేటప్పుడు, మదురై బస్సు దగ్గర అందరం నిలబడ్డాం. అవ్వ కూడా వచ్చింది. ఒక పొట్లం పసుపు కట్టి నడుము సంచీలో తెచ్చింది. పిల్ల కాళ్ళకు దండం పెట్టడానికి వంగింది. అవ్వ నోట్లో అప్పుడే తాంబూలం, చేతిలో డబ్బీ తెరిచే ఉంది. పిల్ల ముఖం దగ్గరికి రాగానే ఆ చేతిని గబుక్కున వీపు వెనక దాచుకుని, రెండో చేత్తో దీవించింది.

"తీసుకో, ఈసారి ఒకటే," అంది పసుపు పొట్లం చూపించి.

బస్టాండులో, అందరూ చూస్తుండగా, బావ గట్టిగానే నవ్వాడు. అది ఎవరి నవ్వు అని ఆయన నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.